పరిచర్యకు పేరు, పేరుకు వేతనము
కాలిఫోర్నియా గృహపరిచారకుల సంఘచరిత్రయందు పదవిచారము

1. ప్రస్తావన

వృద్ధులకును, దీర్ఘరోగులకును, వికలాంగులకును వారి యిండ్లయందే జరుగు నిత్యపరిచర్యకు తెలుగున స్థిరమైన పేరు ఇంకను ఏర్పడలేదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో ఈ పని చేయువారిని కొందరు ఆయా యనియు, కొందరు అటెండెంటు అనియు, కొందరు కేర్‌టేకరు అనియు పిలుచుచున్నారు. మొదటి పదము పోర్చుగీసు నుండి వచ్చినది. తక్కిన రెండును ఆంగ్లము నుండి వచ్చినవి. మంచము మీదినుండి లేవదీయుట, స్నానము చేయించుట, అన్నము తినిపించుట, మలమూత్రముల శుభ్రము, వేళకు మందు లందించుట, వంట, బట్టలుతుకుట అను పనులన్నియు ఇందు చేరును. పని యెంత ప్రాచీనమో, దానిని జీతమునకు చేయు వృత్తిగా గుర్తించుట యంత నూతనము. కావుననే పేరు కుదురలేదు.

పేరు కుదురని పనికి చట్టమున చోటు కుదురుట కష్టము. చట్టమున చోటు లేని పనికి జీతము నిలుచుట మఱియు కష్టము. ఈ సంబంధమును తేటగా చూపు చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు కలదు. అచటి గృహపరిచారకులు సంఘముగా నేర్పడుటకును, 2009 నాటి ద్రవ్యలోపకాలమున తమ వేతనమును, తాము కనిపెట్టుకొనియున్న వారి సేవలను నిలుపుకొనుటకును చేసిన ప్రయత్నమున కొన్ని పదముల అర్థనిర్ణయము ప్రధానస్థానము వహించెను. ఆ పదములను వరుసగా పరిశీలించి, వానితో సాటిరాగల తెలుగు వ్యవహారమును సూచించుట ఈ వ్యాసమున కుద్దేశము.

2. తెలుగున సేవాపదములు

పరశరీరసేవను తెలుపు తెలుగు మాటలు స్థూలముగా రెండు తెగలుగా నున్నవి. సేవ, పరిచర్య, ఉపచారము, శుశ్రూష అను తత్సమములు మొదటి తెగ. పరిచర్య యనగా చుట్టును తిరుగుట. శుశ్రూష యనగా వినగోరుట. గురువునకు శిష్యుడును, తల్లిదండ్రులకు సంతానమును, దేవునకు భక్తుడును చేయునవి యివి. వీని ఫలము పుణ్యమే గాని పైకము కాదు. ఊడిగము, చాకిరి, వెట్టి అనునవి రెండవ తెగ. ఇందు ఊడిగము దేశ్యము. చాకిరి పారసీక భవము. వెట్టి సంస్కృతమందలి విష్టిశబ్దమునకు వికృతి. మొదటి తెగయందు గౌరవము కలదు, కూలి లేదు. రెండవ తెగయందు పని కలదు, గౌరవము లేదు. వెట్టిచాకిరి యను జంటపదమున కూలియు లేదు. గౌరవమును కూలియును ఒక్కచో నిలిచిన మాట ఈ రంగమున అరుదు.

ప్రతిఫలమును తెలుపు మాటలు మాత్రము స్పష్టముగా నున్నవి. జీతము జీవితశబ్దమునకు వికృతి. బ్రదుకుటకు కావలసినదే జీతము. భృతి యనునది భరించుట, పోషించుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. జీతము ప్రేమకు వెలకట్టునది కాదనియు, పనిచేయువాని ప్రాణము నిలుపునది యనియు ఈ పదములే చెప్పుచున్నవి. 'ప్రేమతో చేయు పనికి వెల యెట్లు కట్టుట?' అను ఆక్షేపణకు, ముందు రాబోవు చరిత్రయందు పలుమారు వినబడు ఆక్షేపణకు, ఈ రెండు మాటలయందే సమాధానము కలదు.

3. కాలిఫోర్నియా పథకము

కాలిఫోర్నియా రాష్ట్రము 1973లో 'ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్' అను పథకమును నెలకొల్పెను. అల్పాదాయముగల వృద్ధులు, అంధులు, వికలాంగులు వృద్ధాశ్రమముల పాలు గాక స్వగృహములయందే జీవింపగలుగుట దీని ప్రయోజనము. కౌంటీ యుద్యోగి వచ్చి వ్యక్తి అవసరమును లెక్కించి నెలకు ఇన్ని గంటల పరిచర్య యని నిర్ణయించును. పరిచారకుని ఎన్నుకొనుట, పని చెప్పుట, తొలగించుట అను అధికారములు పరిచర్య పొందువానివే. జీతపు చెక్కు రాష్ట్రము పంపును. వ్యయమును కేంద్ర, రాష్ట్ర, కౌంటీ ప్రభుత్వములు పంచుకొనును. 2009 నాటికి సేవ పొందువారు నాలుగు లక్షలకు పైగాను, పరిచారకులు మూడు లక్షలకు పైగాను ఉండిరి. పరిచారకులలో సగమునకు మించినవారు సేవ పొందువారి బంధువులే.

ఎన్నుకొను అధికారము పరిచర్య పొందువానికి చెందుట యాదృచ్ఛికము కాదు. 1972లో బర్క్‌లీ నగరమున ఎడ్ రాబర్ట్స్ మున్నగు వికలాంగులు 'సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్' అను సంస్థను స్థాపించిరి. తమ్ము రోగులుగా గాక స్వతంత్రపౌరులుగా చూడవలెననియు, తమ శరీరమును ఎవరు తాకవలెనో తామే నిర్ణయింపవలెననియు వారు కోరిరి. ఈ కోరిక న్యాయమైనది. కాని దీని వెంట ఒక చిక్కు వచ్చెను. పని చెప్పువాడొకడు, గంటలు నిర్ణయించువాడొకడు, జీతమిచ్చువాడొకడు అయినప్పుడు యజమాని యెవరు?

4. 'యజమాని' అను పదము

ఈ ప్రశ్నకు సమాధానము లేనంతకాలము పరిచారకులకు బేరమాడుటకు ఎదుటిపక్షమే లేదు. సర్వీస్ ఎంప్లాయీస్ ఇంటర్నేషనల్ యూనియన్ 1987 ప్రాంతమున లాస్ ఏంజెలెస్‌లో వారిని కూడగట్ట మొదలిడెను. దక్షిణమున శాన్ డియాగో ప్రాంతమున యునైటెడ్ డొమెస్టిక్ వర్కర్స్ అను సంఘము అంతకు ముందే ఈ రంగమున పనిచేయుచుండెను. కర్మాగారమునకు ద్వారముండును, పని విడిచినవేళ అచట నిలిచినచో కార్మికులందరును కనబడుదురు. గృహపరిచారకులకు అట్టి ద్వారము లేదు. వేలకొలది యిండ్లలో ఒక్కొక్కరుగా పనిచేయు వారిని సంఘకార్యకర్తలు బస్సు నిలుపుచోటులయందును, చర్చిలయందును, అంగళ్లయందును వెదకవలసి వచ్చెను.

1990లో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము ఈ పరిచారకులు కౌంటీ యుద్యోగులు కారని తీర్పు చెప్పెను. తీర్పు ప్రతికూలమైనప్పుడు సంఘము చట్టసభ నాశ్రయించెను. 1992, 1993 సంవత్సరములలో వచ్చిన శాసనముల వలన కౌంటీలు 'పబ్లిక్ అథారిటీ' అను సంస్థలను నెలకొల్పుటకు వీలు కలిగెను. వేతనవిషయమున ఈ సంస్థయే యజమాని. ఎన్నుకొనుట, పని చెప్పుట, తొలగించుట యందు పరిచర్య పొందువాడే యజమాని. సంస్థకు మార్గదర్శనము చేయు మండలియందు సగమునకు తక్కువగాకుండ పరిచర్య పొందినవారే యుండవలెను. యజమాని శబ్దము యజ్ఞము చేయించువాడను మూలార్థమునుండి వచ్చినది. యజ్ఞమున ఫలభోక్త యజమానుడు, కర్మ నడుపువారు ఋత్విక్కులు. అధికారవిభాగము అచటను కలదు. కాలిఫోర్నియా శాసనకర్తలు ఒక పదమున నిమిడియున్న అధికారములను విడదీసి యిద్దరికి పంచి చిక్కును విప్పిరి.

లాస్ ఏంజెలెస్ కౌంటీ 1997లో అట్టి సంస్థను ఏర్పరచెను. 1999 ఫిబ్రవరిలో సుమారు 74,000 మంది పరిచారకుల పక్షమున సంఘము ఎన్నికలో గెలిచెను. 1930ల తరువాత అమెరికా కార్మికోద్యమమున సంభవించిన పెద్ద విజయములలో దీనిని చరిత్రకారులు గణింతురు. అదే సంవత్సరము చేసిన శాసనము, వేతనబేరమునకు యజమానిగా నిలుచు సంస్థ 2003 నాటికి ప్రతి కౌంటీయందును ఉండవలెనని విధించెను.

5. 2009 నాటి కోతలు: 'వేతనము', 'సేవ'

2008 నాటి ఆర్థికసంక్షోభము కాలిఫోర్నియా కోశాగారమును ఖాళీ చేసెను. 2009 జూలైలో రాష్ట్రము తాను పైకము చెల్లింపవలసిన కొందరికి నగదునకు మారుగా ఋణపత్రముల నిచ్చు స్థితికి వచ్చెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాలమున వచ్చిన శాసనము గృహపరిచారకుల వేతనమున రాష్ట్రము వహించు భాగమునకు గల పరిమితిని తగ్గించెను. అంతవరకు గంటకు వేతనము, ఇతర సౌకర్యములు కలిపి 12.10 డాలర్ల వరకు రాష్ట్రము తన వంతును భరించుచుండెను. జూలై 1 నుండి ఆ పరిమితి 10.10 డాలర్లు కావలెను. అంతకు మించి చెల్లించు కౌంటీ మిగిలిన మొత్తమున రాష్ట్రము వంతును గూడ తానే భరింపవలెను, లేదా వేతనమును తగ్గింపవలెను.

ఇచట లెక్క చూడదగినది. సాధారణముగా ఈ పథకపు వ్యయమున సగము కేంద్రమునది. మిగిలిన సగమున అప్పటి నియమము చొప్పున నూటికి 65 పాళ్లు రాష్ట్రమును, 35 పాళ్లు కౌంటీయు భరించుచుండెను. అనగా పరిచర్యకు వెచ్చించు ప్రతి 100 డాలర్లలో రాష్ట్రమునది 32.50 డాలర్లు మాత్రమే. 2009 నాటి ఉద్దీపనశాసనము కేంద్రభాగమును మఱికొంత పెంచుటచే రాష్ట్రభాగము ఇంకను తగ్గి నాలుగవ వంతునకు చేరెను. రాష్ట్రము తనకై ఒక డాలరు మిగుల్చుకొనవలెనన్నచో పేదల యిండ్లనుండి మూడు నాలుగు డాలర్లు తొలగిపోవలెను. ఆయవ్యయపట్టికయందు 'పొదుపు' అను పదము తొలి సంఖ్యను మాత్రమే తెలుపును.

సంఘములును పరిచర్య పొందువారును కలిసి ఫెడరల్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఇరుపక్షములు కలియుటయే ఆ వ్యాజ్యమునకు ప్రాణము. వేతనము తగ్గినచో పరిచారకులు వేఱు పనులకు పోవుదురు. వారు పోయినచో గంటలు కాగితము మీద నుండియు మంచము చెంత మనిషి యుండడు. మెడికెయిడ్ చట్టము ప్రకారము చెల్లింపు రేట్లను మార్చుటకు ముందు సేవల నాణ్యత, లభ్యతల మీద దాని ఫలమును రాష్ట్రము పరిశీలింపవలెను. అట్టి పరిశీలన జరుగలేదను కారణమున న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2009 జూన్‌లో కోతను నిలిపివేసెను. తొమ్మిదవ మండలపు అప్పీలు న్యాయస్థానము 2010 మార్చిలో దానిని సమర్థించెను.

ఇంతలో మఱియొక కోత వచ్చెను. 2009 వేసవిలో చేసిన శాసనము అవసరమును కొలుచు అంకెల చొప్పున కొందరికి పరిచర్యను పూర్తిగను, కొందరికి వంట మొదలగు ఇంటిపనుల సహాయమును తొలగింపజూచెను. అదే న్యాయమూర్తి ఆ యేటి అక్టోబరులో దానిని గూడ నిలిపెను. వికలాంగులను నిష్కారణముగా సంస్థలయందు నిర్బంధించుట వివక్ష యని 1999లో సుప్రీంకోర్టు ఓల్మ్‌స్టెడ్ వ్యాజ్యమున చెప్పిన సూత్రము ఈ వాదమునకు బలమిచ్చెను. 2011లో పరిచర్యగంటలను నూటికి 20 పాళ్లు తగ్గింపదలచిన కోతయు న్యాయస్థానమున నిలిచిపోయెను.

విజయము సంపూర్ణమని చెప్పుటకు వీలులేదు. 2013లో సంఘములును, వికలాంగుల పక్షమున వాదించిన సంస్థలును రాష్ట్రముతో రాజీపడి, ఆ జూలై నుండి గంటలయందు నూటికి 8 పాళ్లు, మఱుసటి యేడు 7 పాళ్లు తగ్గింపునకు ఒప్పుకొనిరి. ఆ తగ్గింపు 2015 జూలైలో తొలగిపోయెను. అదే సంవత్సరము మార్చిలో, సేవలందించు సంస్థలు ఐడాహో రాష్ట్రముపై వేసిన వ్యాజ్యమున, మెడికెయిడ్ రేట్ల నిబంధన ఆధారముగ వారు న్యాయస్థానమున కెక్కుటకు వీలులేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2009లో తెరిచిన ద్వారము ఈ విధముగా చాలవరకు మూతపడెను. అయినను పెద్ద కోతలు వచ్చిన ఆ సంవత్సరములలో వేతనమును సేవయును ఒకే వస్తువునకు రెండు పేర్లని నిరూపింపబడుట చిన్న విషయము కాదు. ఆయవ్యయపట్టికయందు అవి రెండు పద్దులు. మంచముపై నున్నవానికి ఒక్కటే.

6. 'తోడు' అను పదము

వేతనపరిమితికి వెనుక మఱింత లోతైన పదవివాద మొకటి కలదు. 1938 నాటి అమెరికా న్యాయశ్రమ ప్రమాణముల చట్టము ఇంటిపనివారిని విడిచిపెట్టెను. 1974లో వారిని చేర్చునప్పుడు, వృద్ధాప్యముచేతగాని దౌర్బల్యముచేతగాని తమ్ము తాము చూచుకొనలేనివారికి 'కంపానియన్‌షిప్', అనగా తోడుగానుండు సేవ చేయువారిని మినహాయించిరి. మఱుసటి సంవత్సరము చేసిన నియమము వ్యాపారసంస్థల ద్వారా పనిచేయువారికిని ఈ మినహాయింపును వర్తింపజేసెను. కంపానియన్ అను ఆంగ్లపదమునకు లాటిన్ మూలమున 'కలిసి రొట్టె తినువాడు' అని యర్థము. కలిసి తినుటను తెలుపు పదమే పనిచేయువారి కనీసవేతనమును, అదనపు గంటల జీతమును తొలగించుటకు సాధనమయ్యెను.

న్యూయార్కులో దీర్ఘకాలము ఈ పని చేసిన ఎవెలిన్ కోక్ అను పరిచారిక వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2007లో విని, ఆ నియమము చెల్లునని ఏకగ్రీవముగా నిర్ణయించెను. 2013లో కార్మికశాఖ నియమమును మార్చి 'తోడు' అను పదపు పరిధిని కుదించెను. అప్పీలు న్యాయస్థానము 2015లో దానిని నిలిపెను. కాలిఫోర్నియా పథకమున అదనపు గంటల జీతము 2016 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అంతకు ముందు వ్యయభీతిచే వారమునకు 40 గంటలకు మించి ఎవ్వరును పనిచేయరాదని రాష్ట్రప్రభుత్వము ప్రతిపాదింపగా, సంఘములు ప్రతిఘటించుటచే సాధారణపరిమితి 66 గంటలుగా కుదిరెను. 2025 జూలైలో కేంద్ర కార్మికశాఖ 2013 నాటి మార్పును రద్దుచేయుటకు ప్రతిపాదించుటను బట్టి ఈ పదవివాదము ముగియలేదని తెలియుచున్నది.

ఇల్లినాయ్ రాష్ట్రమునుండి వచ్చిన హ్యారిస్ వ్యాజ్యమున 2014లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, గృహపరిచారకులు పాక్షికముగా మాత్రమే ప్రభుత్వోద్యోగులనియు, సంఘమున చేరనివారి నుండి బేరపు ఖర్చు నిర్బంధముగా వసూలు చేయరాదనియు తీర్పు చెప్పెను. ఇచట 'పాక్షిక' అను ఒక్క విశేషణము సంఘముల రాబడికి హద్దు గీసెను.

7. 'గౌరవ వేతనము'

ఈ చరిత్రకు తెలుగుదేశమున సాటి వెదకినచో గృహపరిచర్యకు సమీపమైన పథకపు కొలువులయందు అది కనబడును. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైనది. అంగన్‌వాడీ కార్యకర్తలకు దీనియందు ఇచ్చునది జీతమని గాక 'గౌరవ వేతనము' అని వ్యవహరింపబడినది. ఆంగ్లమందలి 'ఆనరేరియం' అను పదమునకు ఇది అనువాదము. వెలకట్టరాని పనికి మర్యాదగా నిచ్చు కానుక దాని భావము. తెలుగున గౌరవ, వేతన శబ్దములు జంటగా కూడినను మొదటిది రెండవదానిని మింగివేసినది. రెండవ ప్రకరణమున చెప్పిన లోపము, గౌరవమును కూలియును ఒక్కచో నిలువకుండుట, ఈ సమాసమున చక్కగా వ్యక్తమగుచున్నది.

దీని ఫలము న్యాయస్థానములయందు కనబడెను. అమీర్బీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ కార్యకర్తలు ప్రభుత్వపదవియందున్నవారు కారని చెప్పెను. 2013 నాటి 45వ భారత కార్మికసమ్మేళనము పథకములలో పనిచేయువారిని కార్మికులుగా గుర్తింపవలెనని సిఫారసు చేసెను. 2022 ఏప్రిల్ 25న గుజరాతు కార్యకర్తల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గౌరవ వేతనమును 1972 నాటి గ్రాచ్యుటీ చట్టపు భావమున వేతనమే యని నిర్ణయించెను. పేరు మార్చి పెట్టినంతమాత్రమున వస్తువు మారదను న్యాయమునకు ఇది ఉదాహరణము.

ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరులో ప్రారంభించిన సమ్మె 2024 జనవరి వరకు సాగెను. ఆ జనవరిలో రాష్ట్రప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును వారికి వర్తింపజేసెను. ఒకే పనికి జీతమిచ్చునప్పుడు 'గౌరవము' అను పేరును, సమ్మె నాపునప్పుడు 'అత్యవసరము' అను పేరును పెట్టబడినవి. ఈ రెండు విశేషణములు ఒకదానితో నొకటి పొసగవు. ఆగిపోయినచో సమాజమునకు హాని కలిగించు పని కానుకతో సరిపెట్టదగినది కాజాలదు.

8. ఉపసంహారము

పై చరిత్రనుండి భాషావేత్తలు గ్రహింపదగినవి కొన్ని కలవు. యజమాని, తోడు, పాక్షిక, పొదుపు, గౌరవ అను పదములలో ప్రతియొకటియు లోకవ్యవహారమున సాధువైనదే. చట్టమునందును ఆయవ్యయపట్టికయందును ప్రవేశించినప్పుడు అవి ఒక పనిలోని ఏదో ఒక అంశమును పట్టుకొని తక్కిన అంశములను మఱుగుపరచును. కాలిఫోర్నియా సంఘములు సాధించిన మేలు చాలవరకు ఈ మఱుగును తొలగించుటవలన కలిగినదే. యజమాని శబ్దమును విభజించి, వేతనమును సేవతో జతపఱచి, తోడు అను మాట క్రింద దాగిన శ్రమను లెక్కకు తెచ్చిరి. పరిచర్య పొందువారితో చేయి కలిపిన చోట వారి వాదము నిలిచెను.

భారతీయభాషలయందు ఈ వృత్తికి పారిభాషికపదమును నిర్ణయింపవలసిన కాలము వచ్చినది. ఉమ్మడికుటుంబములు చిన్నవగుచుండగా, సంతానము దూరదేశములకు పోవుచుండగా, కూలికి పరిచర్య చేయువారి సంఖ్య పెరుగక తప్పదు. 'సేవిక' యనినచో పూజ్యభావము వచ్చి జీతము జారును. 'పనిమనిషి' యనినచో పనియొక్క నేర్పు మఱుగగును. 'పరిచర్యాకార్మికురాలు', 'పరిచర్యాకార్మికుడు' అను రూపములు పరిశీలింపదగినవి. ఇందు పూర్వపదము పనియొక్క స్వభావమును, ఉత్తరపదము పనిచేయువారి హక్కును తెలుపును. సమాసము కొంత దీర్ఘమైనను, 'ఉపాధ్యాయుడు' వలె వాడుకయందు నలిగి తేలికయగును. ఏ రూపము నిలిచినను దానియందు శ్రమార్థము లోపింపకుండుట ముఖ్యము. నిఘంటువునందు లోపించిన అర్థమును పరిచారకులు తరువాత న్యాయస్థానమున వెదకుకొనవలసి వచ్చును. ఎవెలిన్ కోక్ వంటివారికి అచటను అది దొరకలేదు.